ఊదారంగు కారు కొన్న రోజు

మా అమ్మ పోయిన మూడో నెలలో నాన్న ఒక పాత అమెరికన్ కారు కొన్నారు. నా చిన్నప్పటి రోజుల్లో మొదటి నుంచి చివరి దాకా వరసగా గుర్తున్నది నాకు ఆ ఒక్క రోజే. అప్పుడు నాకు పదేళ్లు. ఇప్పుడు నేనుంటున్న కానింగ్ వేల్‌కి దగ్గర్లోనే ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న యూనివర్సిటీలో లెక్కలు చెప్పేవారు. అప్పటికి ఆస్ట్రేలియాలోని ఈ పెర్త్‌లో తెలుగువాళ్లు ఎంతో మంది లేరు. మా ఇంట్లో నాన్నా నేనూ మిగిలాక, మా ఇద్దరి మధ్యా కూడా తెలుగు దాదాపు ఆగిపోయింది. మాట్లాడుకోవడమే ఆగిపోయింది.

అమ్మకి రక్తంలో జబ్బు. ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు "ఆదివారానికి వచ్చేస్తుంది" అన్నారు నాన్న. నన్ను పక్కింటి ఆంటీ దగ్గర వదిలారు. రెండు ఆదివారాలు గడిచాయి. తర్వాత ఒక మధ్యాహ్నం నాన్న ఆంటీ వంటింట్లోకి వచ్చి నిలబడి, "అమ్మ ఇంక లేదమ్మా" అన్నారు. అంతే చెప్పారు. దహనానికి కూడా నన్ను తీసుకెళ్లలేదు. చిన్నపిల్ల, చూడలేకపోతుందని పెద్దవాళ్లందరూ అనుకున్నారు.

నాకు ఏడుపు రాలేదు. బడికి వెళ్లేదాన్ని, వచ్చేదాన్ని. పెట్టింది తినేదాన్ని, అందులో ఉప్పు ఉందో లేదో తెలిసేది కాదు. ఎవరైనా దగ్గరికి తీసుకుంటే, వాళ్లు వదిలేదాకా కదలకుండా నిలబడేదాన్ని. లోపల ఒకే ఒక్క ప్రశ్న ఉండేది. అన్ని రోజులు ఆసుపత్రిలో ఉండి అమ్మ నన్ను చూడాలని ఒక్కసారైనా అడగలేదా? అది నాన్నని అడగడానికి నోరు వచ్చేది కాదు.

అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లిన తెల్లకారుని నాన్న నెల తిరక్కుండానే అమ్మేశారు. కొన్నాళ్లు బస్సుల్లో తిరిగాం. ఒకరోజు కూరగాయల కొట్టు బయట బోర్డు మీద కారు అమ్ముతామని చేత్తో రాసిన కాగితం చూసి, ఆయన ఆ నంబరు రాసుకున్నారు. ఎందుకు రాసుకున్నారో ఆయనకి కూడా తెలిసి ఉండదు. నాన్న ఎప్పుడూ గీత దాటి నడపని మనిషి. హారన్ కొట్టడం కూడా అమర్యాద అనుకునేవారు.

ఆ శనివారం పక్కింటి అంకుల్ మమ్మల్ని ఊరి చివర ఒక మట్టి రోడ్డు మీద దింపి వెళ్లిపోయారు. యూకలిప్టస్ చెట్ల వెనకాల పెద్ద రేకుల షెడ్డు. మబ్బు పట్టి చలిగా ఉంది. షెడ్డులోంచి మగవాడి చొక్కా వేసుకున్న ఒక పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. అంతకుముందు స్కూలు బస్సు నడిపేదట. కారు ఆవిడదే, దాన్ని విప్పి మార్చి తయారు చేసిందీ ఆవిడే. పదకొండేళ్లు పట్టిందని చెప్పింది.

అంత వింత కారు నేను అప్పటిదాకా చూడలేదు. వంకాయ తొక్కలా నిగనిగలాడే ఊదారంగు. పైకప్పుని జానెడు మేర కోసి కిందికి దించి మళ్లీ అతికించింది. తలుపులకి పిడులు లేవు, కనపడని చోట ఒక మీట నొక్కితే తెరుచుకునేవి. సీట్లకి ఎర్ర మఖమలు. అమెరికాలో ఎడమవైపు ఉండే స్టీరింగ్‌ని ఇక్కడి రోడ్లకి తగ్గట్టు కుడివైపుకి మార్చింది. ఇంకో పిల్ల అయితే గంతులేసేది. నేను చూశాను, అంతే.

ఆవిడ దాని గొప్పలు చెప్పలేదు. కారు చుట్టూ తిప్పుతూ వరసగా లోపాలే చెప్పుకుంటూ వచ్చింది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే అయినా నా మనసులో అదంతా తెలుగులోనే ఉండిపోయింది. ఈ తలుపు చలికాలంలో పట్టేస్తుంది. పెట్రోలు ముల్లు అబద్ధం చెబుతుంది, సగం చూపిస్తుంటే పావే ఉన్నట్టు లెక్క. పైకప్పు అతుకులో ఒకచోట నీళ్లు కారతాయి. తర్వాత నన్ను పిలిచి, "నీ చెయ్యి చిన్నది, ఇక్కడ దూరుతుంది, పెట్టి చూడు" అంది. డాష్‌బోర్డు కింద, పాత స్టీరింగ్ ఉండే చోట, ఇనుము గడ్డలా తగిలింది. చల్లగా, గరుకుగా ఉంది.

"స్టీరింగ్ తీసిన కన్నం మూయడం నాకు సరిగ్గా కుదరలేదు. చెడగొట్టింది నేనే. పైన రంగేస్తే ఎవరికీ కనపడదు. కానీ మీరు తీసుకెళ్తున్నారు కదా, మీకు తెలియాలి."

నాన్న అప్పటిదాకా ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అప్పుడు అడిగారు, "ఇవన్నీ ఎందుకు చెబుతున్నారు? నాకు కార్ల గురించి ఏమీ తెలియదు. చెప్పకపోతే కనిపెట్టలేను."

ఆవిడ ఇంకో లోపం చూపించడానికి కారు ముందరి అద్దం దగ్గరికి వెళ్లింది. స్టీరింగ్ మార్చిందే గానీ వైపర్లు మార్చలేకపోయిందట. అవి ఇంకా ఎడమవైపు కూర్చునేవాడి కోసమే తుడుస్తాయి. కుడివైపు మూల జానెడు మేర వానలో మసగ్గానే ఉండిపోతుంది.

"ఎలాగూ మీకు తెలుస్తుంది," అంది నాన్నతో. "మొదటి వానకే తెలుస్తుంది. అప్పుడు నేను పక్కన ఉండను. అందుకే ఇప్పుడే చెప్పడం."

నాన్న చాలాసేపు ఆ అద్దం వంకే చూస్తూ నిలబడ్డారు. బేరం ఆడలేదు. ఎందుకు అమ్ముతున్నారని మాత్రం అడిగారు. భుజం అరిగిపోయింది, స్టీరింగ్ తిప్పలేకపోతున్నానని చెప్పింది. మరి మీకు ఈ కారెందుకని ఆవిడ అడిగితే, "మా ఇంట్లోవాళ్లు ఎవరూ ఇంతకుముందు కూర్చోని కారు కావాలి" అన్నారు. ఆవిడ నా వైపు ఒకసారి చూసింది. తాళాలు నా చేతిలో పెట్టింది.

తిరుగుదారిలో వాన పట్టుకుంది. ఇంజను మోతకి నా పళ్లు అదురుతున్నాయి. ఆవిడ చెప్పినట్టే కుడిమూల మసకేసింది. నాన్న పక్కకి వంగి వంగి నడిపి, కాసేపటికి రోడ్డు వారగా ఆపేశారు. ఇంజను కూడా ఆపారు. పైకప్పు అతుకులోంచి నీటి చుక్కలు వెనక సీటు మీద పడుతున్నాయి.

"అమ్మ నిన్ను అడిగింది," అన్నారు నాన్న, ముందుకే చూస్తూ. "ఆ చివరి రోజు మూడుసార్లు అడిగింది. నీకు జ్వరంగా ఉందని చెప్పాను."

"నాకు జ్వరం లేదు," అన్నాను.

"లేదు. గొట్టాలతో ఆమెని అలా నువ్వు చూస్తే నేను తట్టుకోలేననుకున్నాను. నీ కోసం అని చెప్పుకున్నాను గానీ, నా కోసమే."

"అమ్మ ఏమంది?"

"ఆ రోజూ వానే. వానలో తీసుకురావద్దంది. తడిగుడ్డ వేసి, కాస్త జావ పట్టమంది."

నాకు అప్పుడు కూడా ఏడుపు రాలేదు. నాన్నకీ రాలేదు. మిగతాదంతా చెప్పమన్నాను. చెప్పారు. ఏ వార్డు, కిటికీలోంచి ఏం కనపడేది, ఎప్పుడు మాట ఆగిపోయింది, చివర్న ఎవరున్నారు, ఏ చీర కట్టారు. ఏదీ దాచలేదు, ఏదీ తీపి చేయలేదు. వాన తగ్గేదాకా అక్కడే ఉన్నాం. ఇంటికొచ్చాక ఆయన కందిపప్పు చారు పెట్టారు. అందులో ఉప్పు ఎక్కువైంది. ఎక్కువైందని నాకు తెలిసింది.

ఆయన మీద నాకు కోపం రాలేదని చెబితే అబద్ధం. అది తర్వాత వచ్చింది, పెద్దయ్యాక, చాలా ఏళ్లు ఉంది. అమ్మ చివరి రోజు నాకు దక్కాల్సింది, దక్కలేదు. దానికి మందు లేదు. కానీ నాన్న ఆ రోజు చెప్పకపోయి ఉంటే, అమ్మ నన్ను అడగలేదన్న మాటతోనే నేను ఇంతదాకా బతికి ఉండేదాన్ని. ఆ తర్వాత నాన్న నా దగ్గర మంచి కబురైనా చెడ్డ కబురైనా దాచలేదు. ఆయన గుండె జబ్బు సంగతి కూడా డాక్టరు చెప్పిన సాయంత్రమే నాకు ఫోన్ చేసి చెప్పారు. ఆ షెడ్డు ఆవిడని మళ్లీ ఎప్పుడూ చూడలేదు. ఒక బేరంలో తను చేసిన మేలేమిటో ఆవిడకి తెలియనే తెలియదు.

పోయిన చలికాలం నా రిపోర్టులు వచ్చాయి. మంచివి కావు. "పాపకి ఇప్పుడే చెప్పొద్దమ్మా, ఎగ్జామ్స్ అయ్యాక చూద్దాం" అంది మా అమ్మాయి. నా మనవరాలికి తొమ్మిదేళ్లు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులోనే ఇస్తుంది. ఆ సాయంత్రమే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని జబ్బు పేరు చెప్పాను. నా జుట్టు రాలిపోతుందని, కొన్ని రోజులు లేవలేనని, తగ్గుతుందో లేదో డాక్టర్లకి కూడా ఇంకా తెలియదని చెప్పాను. అది నా వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని చూసింది.

"కెన్ ఐ కమ్ టు ద హాస్పిటల్?" అంది.

"రావొచ్చు. ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు."

"ఓకే అమ్మమ్మా," అని వెళ్లి తన హోంవర్కు పుస్తకాలు తెచ్చుకుని నా మంచం ఎక్కింది. నేను కొంచెం జరిగి చోటిచ్చాను.