మొగిలమ్మ తోట చూడని సార్లు

మొగిలమ్మది రఘునాథపల్లి దగ్గర ఊరు. ముప్పై ఏళ్లుగా మిర్చి వేస్తోంది. నారుమడి పక్కన కర్రకు ఖాళీ విత్తనాల పాకెట్ గుచ్చడం అక్కడి రైతులందరికీ అలవాటు, ఏ కంపెనీదో దారిన పోయేవాళ్లకు తెలియాలని. ఈమె మాత్రం ఇంకో పాకెట్‌ను రసీదుతో సహా ఇంటి చూరులో దాస్తుంది. మనుషులను నమ్ముతుంది గానీ కంపెనీలను నమ్మదు. హనుమకొండలో వ్యవసాయ ఆఫీసు ముందు కూర్చుని అర్జీలు టైపు చేసే నాకు ఇలాంటి మనిషి నూటికొక్కరు తగులుతారు.

నిరుడు ఆమె తోట నడుమెత్తు పెరిగింది, కాయ మాత్రం కాయలేదు. విత్తనం నాసిరకమని సర్కారు రిపోర్టు ఇస్తేనే పరిహారం వస్తుంది. అధికారి పొలానికి వచ్చి చూస్తేనే రిపోర్టు. అందుకే పక్కవాళ్లు తోటలు పీకేసి మక్కలు వేసుకుంటుంటే, ఈమె ఆ గొడ్డు తోటకే నీళ్లు పెడుతూ కూర్చుంది.

విత్తనాల మీద కొత్తగా వచ్చిన పెద్ద అధికారి ఓంప్రకాశ్ గారు అంతకు మూడు నెలల ముందు దాకా ఆ విత్తనం కంపెనీలోనే అమ్మకాల మేనేజరు. ఊళ్లో మీటింగు పెట్టి, బిర్యానీ తినిపించి, టోపీలు పంచి ఆ విత్తనాలను మొగిలమ్మ చేతిలో పెట్టింది ఆయనే. అనుభవజ్ఞుడని సర్కారు ఏరికోరి తెచ్చుకుంది మరి. ఆయన కుర్చీలోంచి లేవకుండానే విత్తనం బ్రహ్మాండంగా ఉందని, తప్పంతా వాతావరణానిదని తేల్చేశాడు. వాతావరణం ఏ కంపెనీలోనూ పనిచేయలేదు కదా, దాని తరఫున మాట్లాడేదెవరు?

నాకు ఒళ్లు మండింది. కంపెనీ నుంచి వచ్చినవాడు రెండేళ్ల దాకా ఆ కంపెనీ మీది ఫిర్యాదులు ముట్టుకోకూడదని జీవో ఉంది. అది జతచేసి అభ్యంతరం టైపు చేసిచ్చాను. నెలకు ఆయన్ను ఆ ఫైలు నుంచి తప్పించారు. గెలిచామనుకుని ఇద్దరం చాయ్ కూడా తాగాం.

తర్వాత ఫైలు చూసిన వెంకటేశ్వర్లు గారు మహా మర్యాదస్తుడు. మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్లు తెప్పించి, అయిదు నిమిషాల్లో విత్తనం నాసిరకమని సంతకం చేశాడు. పోటీ కంపెనీలో పన్నెండేళ్లు చేసి వచ్చాడని అటెండరు నాకు ముందే చెప్పాడు. జీవో ప్రకారం ఆయనకు అడ్డేమీ లేదు. రిపోర్టుతో పాటు సొరుగులోంచి తన పాత కంపెనీ విత్తనాలు కూడా తీసి, వచ్చే వానాకాలం ఇవి వేయమన్నాడు.

మొగిలమ్మ చేయి చాపలేదు. తోటకు ఎప్పుడొస్తారని అడిగింది. అవసరం లేదన్నాడాయన, ఆ కంపెనీ సంగతి తనకు తెలియదా అని.

"ఆ సారు చూడకనే మంచిగున్నదన్నడు. నువ్వు చూడకనే మంచిగ లేదంటానవు. మీ కంపెనీలను మీరు చూసుకుంటాన్రు. నా తోట చూసెటోడు ఈ ఆఫీసుల ఒక్కడన్న ఉన్నడా సారూ?"

ఆయన ఫోను చూసుకున్నాడు. విత్తనాలు ముట్టకుండా, రిపోర్టు ఒక్కటే తీసుకుని బయటికొచ్చింది. తీసుకోక ఏం చేస్తుంది? నన్ను చదివి వినిపించమంది. "పొలంలో స్వయంగా పరిశీలించిన మీదట" అని మొదలైంది. అక్కడితో చాలన్నది.

మర్నాడు తోటంతా పీకేసింది.