గుడ్ల బండికి కార్బురేటర్

మా బాపు కాజీపేటలో హోల్‌సేల్ ధరకు గుడ్లు కొని, బండి వెనుక అట్ట ట్రేలు పేర్చి కట్టుకొని, కేసముద్రం దారిలోని ఊళ్ళ కిరాణా దుకాణాలకు వేస్తాడు. ఆ బతుకంతా ఒక్క పాత బండి మీద నడుస్తోంది. ఈ మధ్య అది పెట్రోలు విపరీతంగా తాగడం మొదలుపెట్టింది. దూరపు ఊళ్ళకు పోయి వస్తే ఏమీ మిగలడం లేదని, ఇట్లాగే ఉంటే ఆ ఊళ్ళు వదులుకోవలసిందేనని బాపు అమ్మతో చెబుతుంటే విన్నాను.

మెకానిక్, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బురేటర్‌ను విప్పి చూసి, లోపల అరిగిపోయిందని, ఇక మరమ్మతుకు లొంగదని తేల్చాడు. ఇప్పుడు వచ్చే బండ్లకు కార్బురేటరే ఉండదు కనుక మా బండికి కంపెనీది దొరకలేదు. దొరికినవి రెండు: కొత్తదే కానీ డూప్లికేట్ ఒకటి, తుక్కుకు పోయిన బండి నుంచి తీసిన అసలుది ఒకటి. బాపు రెండింటినీ చేతుల్లో పట్టుకొని నా వైపు చూశాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే, అదీ బీఎస్సీ. కరెంటు బిల్లు నుంచి అమ్మ మందుల చీటీ వరకు అన్నీ చివరికి నా చేతికే వస్తాయి. ఆ రోజు కార్బురేటర్ వచ్చింది.

ఇంధనం, గాలి ఏ పాళ్ళలో కలిస్తే పూర్తిగా మండుతుందో పరీక్షలో రాసిన జ్ఞాపకం ఉంది. ఎదుట ఉన్న లోహపు ముక్కల్లో ఏది మంచిదో చెప్పగల చదువు మాత్రం నాకు లేదు. బండితో పాటు తయారైనదే బండికి సరిపడుతుందన్న తర్కంతో పాతదాన్ని ఎంచుకున్నాను.

ఆదివారం ప్రార్థన ముగిశాక మైలేజీ పరీక్ష పెట్టుకున్నాం. మెకానిక్ ట్యాంకు పైపు తీసేసి, కొలిచి పోసిన పెట్రోలు సీసాను హ్యాండిల్‌కు వేలాడదీసి, దాని పైపు తగిలించాడు. అది అయిపోయి బండి ఎక్కడ ఆగితే అక్కడి వరకు మైలేజీ ఇచ్చినట్టు. పెట్రోలు తగ్గించి గాలి పెంచే స్క్రూ తిప్పుతూ నన్నడిగాడు.

"చెల్లె, సైన్స్ చదివినవట గద. ఎంత తిప్పమంటవ్?"

"నాకు తెలియదన్నా."

"తెల్వదని సర్టిఫికెట్ల రాసిచ్చిన్రా?"

బాపు నవ్వలేదు. నన్ను వెనుక కూర్చోబెట్టుకొని బయలుదేరాడు. సీసా ఖాళీ అయ్యేసరికి, అక్కడిదాకా వస్తే చాలని బాపు అనుకున్న వంతెన దాటి చాలా ముందుకు వెళ్ళాం. ఆగిపోయిన బండి పక్కన బాపు అంత సంతోషంగా నిలబడడం నేనెప్పుడూ చూడలేదు.

మరునాడు గుడ్లతో వెళ్ళాడు. పెట్రోలు తగ్గి గాలి పెరిగిన బండి, ఎక్సలరేటర్ ఇచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, ఆపైన ఒక్కసారిగా ముందుకు దూకిందట. ఆ కుదుపులకు కింది ట్రేలలో గుడ్లు పగిలి సొన చక్రం మీదికి కారింది. స్క్రూ వెనక్కి తిప్పిస్తే బండి నున్నగా నడిచింది. పెట్రోలు మళ్ళీ తాగింది. డూప్లికేటునూ బిగించి చూశాం. దానితో బండి నడిరోడ్డు మీద ఆగిపోయేది. పాతదాన్నే తిరిగి పెట్టించి, రెండూ కుదిరే చోటు నడుమ ఎక్కడో ఉంటుందని వారమంతా వెతికాం. ఆ నడుమ చోట గుడ్లూ పగిలాయి, పెట్రోలూ పోయింది.

"మైలేజీ రావాలె, గుడ్డు పగలొద్దు. రెండు గావాలె బిడ్డా," అన్నాడు బాపు. "మీ పుస్తకాలల్ల ఏమన్న ఉంటదా?"

పుస్తకాలే కాదు, ఫోన్లో దొరికిన వీడియోలన్నీ అప్పటికే చూశాను. లేదు బాపు, అన్నాను.

బాపు మెకానిక్ వైపు తిరిగాడు. "గుడ్డుకే పెట్టు తమ్మీ."

అంటే దూరపు ఊళ్ళు పోయినట్టే. చివరి ఊరిలో దుకాణం నడిపే అవ్వకు చెప్పాలి. నేనైతే మంచిగా మాట్లాడతానని బాపు ఫోన్ నా చేతికిచ్చాడు. ఇకపై రాలేమని, దయచేసి వేరే ఏర్పాటు చూసుకోవాలని పద్ధతిగా చెప్పాను.

"ఏమైంది బిడ్డా, బండి ఖరాబైందా?" అంది అవ్వ.

బాపు పక్కనే బండి స్టార్ట్ చేసి వింటున్నాడు. అది ఎక్కడా తడబడకుండా నడుస్తోంది.

"లేదవ్వా," అన్నాను. "బాగానే ఉంది."