అయిదు నెలల పథ్యం

మా వదినెను మగ్గం గుంజకు కట్టేశారు. కట్టింది బర్రె గొలుసుతో. హైదరాబాదు నుంచి సెలవు మీద వచ్చి, కొత్తకోటలో బస్సు దిగి, నడిచి ఇల్లు చేరేసరికి మొదట నా కంటబడింది అదే. ఆమె గోడకు ఆనుకొని కాళ్లు చాపుకొని కూచుంది. జుట్టు విరబోసుకుంది. నన్ను చూసింది గాని గుర్తు పట్టలేదు. చేతులు మోచేతుల దాకా నల్లబడి, పొరలు పొరలుగా పొక్కులు లేచి ఉన్నాయి.

"ఎవరు కట్టిండ్రు?" అని అడిగాను.

"నేనే" అన్నది అమ్మ. "బాయి దిక్కు రెండు మాట్ల ఉరికింది. మూడో మాటు ఎవరు పట్టుకుంటరు బిడ్డా?"

"పిల్లేది?"

"అక్క షోలాపూర్ కొంచవోయింది. గాలి సోకిన తల్లి పాలు తాగితే పిల్ల బతుకుతదా?" అని, వదినె గడ్డం పైకెత్తి నాకు మెడ చూపించింది. మెడ చుట్టూ హారం వేసినట్టు నల్లటి మచ్చ. "సూడు. దయ్యం పిసికిన వేళ్ల గుర్తులు."

మా అన్న గడప మీద తల వంచుకొని కూచున్నాడు. అయిదు నెలల కిందట పుట్టిన ఆడపిల్లకు తండ్రి అతను.

అక్కడిదాకా ఎలా వచ్చామో చెప్పాలి. నాకు కోపం ఆ గొలుసు మీద కంటే, దానికి ముందు గడిచిన అయిదు నెలల మీదే ఎక్కువ.

మేము నేతగాళ్లం. యుద్ధం రోజులు. నూలు దొరికేది కాదు. దొరికిన రోజు మగ్గం ఆడేది, లేని రోజు మగ్గం గుంటలో కోళ్లు పడుకునేవి. బియ్యం పండుగనాటి మాట. మూడు పూటలా జొన్నలే. గట్కగా వండినా, రొట్టె కొట్టినా, అంబలి కాచినా అవే జొన్నలు. ఆ ప్రాంతంలో అందరూ తిన్నదే అది, దాని మీద నాకు పగ లేదు. పక్కన ఇంత పప్పో, ఆకుకూరో, చల్లో ఉన్నంతకాలం జొన్న మనిషిని నిలబెడుతుంది. ఆ పక్కన పెట్టేది ఎవరికి దక్కేది అన్నదే ప్రశ్న. మా ఇంట్లో ముందు మగవాళ్లు తినేవాళ్లు, తరువాత అమ్మ, ఆఖరున వదినె. కుండ అడుగున పప్పు మిగిలితే ఆమె అదృష్టం. కడుపుతో ఉన్న తొమ్మిది నెలలూ అంతే.

ప్రసవమయ్యాక ఆ అడుగు కుండ కూడా పోయింది. పథ్యం మొదలయింది. మా వైపు బాలింతకు పప్పు పెడితే పిల్లకు కడుపు ఉబ్బుతుందని, పాలూ పెరుగూ పోస్తే చలువ చేస్తుందని, ఆకుకూర తింటే పిల్లకు విరేచనాలవుతాయని, పల్లీలు పైత్యమని, గుడ్డూ మాంసమూ పచ్చి ఒంటికి పడవని నమ్మకం. బతికి బట్టకట్టడానికి పనికొచ్చేవన్నీ ఒక్కొక్కటే తీసేస్తే మిగిలేది గట్క, ఎల్లిపాయ కారం. ఉన్నవాళ్లింట్లో ఇది ఇరవై ఒక్క రోజులు సాగేది, అదీ పాత బియ్యంతో, ఇంత నెయ్యితో. మా ఇంట్లో నెయ్యి లేదు, బియ్యం లేదు, గడువు కూడా లేకుండా పోయింది.

ఎందుకు లేకుండా పోయిందంటే, రెండో నెలలో వదినెకు విరేచనాలు పట్టుకున్నాయి. నోరు పొక్కింది. నాలుక ఎర్రగా మాంసం ముక్కలా అయింది. పథ్యం ఎక్కడో తప్పిందని అమ్మ అనుకుంది. పథ్యం తప్పితే మందేమిటి? ఇంకా గట్టి పథ్యం. కారం తీసేసి ఉప్పు మాత్రమే ఉంచారు. గట్కను పలచగా అంబలి చేశారు. మనిషి ఎంత చిక్కిపోతే తిండిని అంత బిగించారు. బిగించినకొద్దీ రోగం ముదిరింది, ముదిరినకొద్దీ బిగించారు. ఇది తెలివితక్కువతనం అని ఒక్క మాటలో అనేయవచ్చు. కాని మా అమ్మ ఆరు కాన్పుల్లో తానూ అదే తిన్నది. ఆరుగురిలో ముగ్గురం మిగిలాం. పోయిన ముగ్గురినీ దేవుడి ఖాతాలో వేసింది, మిగిలిన ముగ్గురినీ పథ్యం ఖాతాలో వేసింది. ఆమె దుర్మార్గురాలై ఉంటే నాకు ఇన్నేళ్ల తరువాత ఇంత కోపం ఉండేది కాదు.

పురుడు తీరాక వదినె ఆకిట్లో ఎండలో కూచొని కండెలు చుట్టేది. నూలు ఉన్నరోజు పని ఆగకూడదు. దసరాకు నేను వచ్చినప్పుడు ఆమె చేతుల మీద నల్లటి కమురు చూశాను. ఎండకు కమిలిందనుకున్నాను. చుడుతూ చుడుతూ మధ్యలో ఆపేసి, చేతిలోని దారాన్ని ఎక్కడిదో అన్నట్టు చూసేది. ఒక పొద్దున ఊరికే ఏడ్చింది.

"ఏమైంది వదినె?"

"ఏమో మర్దీ, నాకే సమజ్ అయితలేదు. నిద్ర వస్తలేదు. పిల్లను ఎక్కడ పండవెట్టిన్నో యాది మరుస్తున్న."

అప్పటికి నేను హైదరాబాదులో ఒక పత్రికలో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఇతరుల రాతలో తప్పు పట్టడానికే నాకు జీతం. ఆ పూట ఇంట్లో కందిపప్పు వండారు. నేను రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. ఆమె అంబలి గిన్నె పట్టుకొని నా ఎదురుగానే కూచుంది. నాకు తట్టలేదు.

గొలుసు చూసిన మర్నాడు నేనూ అన్నా ఆమెను మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాం. అమ్మ వద్దన్నది. గాలికి దవాఖానలో ఏం చేస్తారని అడిగింది. అయినా మాతోపాటు బయలుదేరింది, పథ్యం చెడకుండా చూసుకోవడానికి. ఒక ముంతలో అంబలి కూడా పట్టుకొచ్చింది.

డాక్టరు వయసు మళ్లిన ముసల్మాన్. వదినె నాలుక చూశాడు, చేతులు చూశాడు, మెడ మీద మచ్చను వేలితో తడిమాడు. తరువాత రోగిని వదిలేసి అమ్మ వైపు తిరిగాడు.

"ఏం తింటది?"

అమ్మ గర్వంగానే చెప్పింది. "పథ్యమే సాబ్. ఒక్క పూట తప్పియ్యలే. జొన్న అంబలి దప్ప ఇంకోటి ముట్టనియ్యలే."

"ఎన్ని దినాల సంది?"

"అయిదు నెలలు."

ఆయన రాస్తున్న కలం కింద పెట్టాడు. "మీ ఇంట్ల బర్రె ఉన్నదా?"

"ఉన్నది సాబ్."

"దానికేం పెడ్తరు?"

"గడ్డి, తవుడు, జర పల్లి చెక్క."

"అయితె నీ కోడలి కంటె బర్రె మంచిగ తింటాంది."

"బర్రె బాలింత గాదు గద సాబ్."

"ఈనినప్పుడు దానికి మేత బంద్ చేస్తరా?"

ఈనిన బర్రెకు మేము బెల్లం కలిపిన జొన్నలు ఉడికించి, రెట్టింపు చెక్క పెట్టేవాళ్లం. దానికి పథ్యం పెట్టాలని ఎవరికీ తోచలేదు, పాలు తగ్గుతాయి గనుక.

ఆ రోగానికి పెలగ్రా అని పేరు చెప్పాడు డాక్టరు. "గాలి గాదు, గీలి గాదు. వట్టి జొన్నల మీద బతికితే వస్తది. తోలు మీద కొడ్తది, కడుపుల కొడ్తది, ఆఖరుకు తలకాయల కొడ్తది. గీ మెడ మీద మచ్చ ఎవ్వరి వేళ్లు గావు, ఎండ తగిలిన జాగ. మందు బిళ్లలు యుద్ధం వల్ల వస్తలేవు. ఫికర్ చెయ్యకుండ్రి, మందు మీ ఇంట్లనే ఉన్నది. పాలు తాపుండ్రి. గుడ్లు, పప్పు, పల్లీలు, దొరికితే మేక కార్జం. గొలుసు తీసి బర్రెకే కట్టుండ్రి."

మందు ఇంట్లో ఉన్నదన్నాడు గాని, మా బర్రె పాలు మావి కావు. పొద్దుటి పాలు దొర ఉండే గడికి పోవాలి. అది మా తాతనాటి నుంచి ఉన్న వెట్టి. సాయంత్రం పాలు తోడేసి, చల్ల చిలికి, వెన్న తీసి అదీ గడికే పంపేవాళ్లం. నీళ్ల చల్ల మాకు. ఆ గడిలో బాలింతలకు పథ్యం ఎలా ఉండేదో నాకు తెలియదు. మా పాలు అక్కడ ఎవరి ఒంటికి పట్టాయో మాత్రం ఊహించగలను.

మేము ఊరు చేరిన మర్నాటి పొద్దున గడి మనిషి చెంబు పట్టుకొని వచ్చాడు. నేను ఏం చెప్పాలా అని చూస్తున్నాను. అమ్మ ముందుకు పోయింది.

"బర్రె ఒట్టిపోయింది."

"నిన్న ఇచ్చింది గద?"

"నిన్న ఇచ్చింది. ఇయ్యాల ఇస్తలేదు. నమ్మకుంటె నువ్వే కూసోని పిండుకో. తంతె నన్ను అడగకు."

అది తన్నే బర్రె అని ఊరంతటికీ తెలుసు. అతను పోయాడు. పథ్యం విషయంలో ఎవరి మాటా వినని మనిషి, దొరకు అబద్ధం చెప్పి, లోపలికి వచ్చి, పాలు కాచి కోడలి నోటికి అందించింది. పాలు పడితే కోడలు చస్తుందేమోనని ఆమెకు ఇంకా భయమే.

నాలుగో రోజుకు విరేచనాలు కట్టాయి. వారానికి నిద్ర పట్టింది. చేతుల మీది నల్లటి పొర రాలి కింద లేత చర్మం వచ్చింది. తొమ్మిదో రోజు పొద్దున, కోడిగుడ్డు తింటూ తింటూ ఆపి, స్పష్టంగా అడిగింది.

"అత్తా, నా బిడ్డ ఏది?"

నలభై రోజులు దాటకుండానే ఆమె మళ్లీ కండెలు చుట్టింది. అన్న డాక్టరు దగ్గర రోగం నయమైందని చీటీ రాయించుకొని, వదినెను వెంటబెట్టుకొని షోలాపూర్ పోయాడు. మా అక్కకు పెళ్లయి పన్నెండేళ్లు, పిల్లలు లేరు. బావ అక్కడి మిల్లులో మరమగ్గం నడిపేవాడు. అక్కడ జరిగింది అన్న తరువాత చెప్పాడు. అక్క చీటీ తీసుకొని తిరగేసి చూసి తిరిగి ఇచ్చేసిందట.

"గీ కాగితం రేపు పిల్లకు బువ్వ పెడ్తదా తమ్మీ? గొలుసుల ఉన్నామె చేతికి ఎట్లియ్యాలె? మళ్ల పిచ్చి లేస్తె బాయిల పిల్లతోనే దునుకుతది."

"అది రోగం అక్కా. తిండి లేక వచ్చింది. ఇప్పుడు తింటాంది."

"తిండి లేక పిచ్చి లేస్తదా? అట్లయితె మన ఊరంత గొలుసులే ఉండాలె."

వదినె పిల్లను ఒళ్లోకి తీసుకోబోతే అది కొత్త ముఖం చూసి ఏడ్చి అక్క మెడ పట్టుకుంది. మర్నాటి బండికి ఇద్దరే తిరిగి వచ్చారు. ఇంకో ఏడు చూద్దామని అమ్మ అన్నది. ఇంకో ఏడు గడిచింది. ఆ తరువాత ఊళ్లలో రజాకార్ల భయం, దారులు బందయ్యాయి. తెరుచుకునేసరికి పిల్ల మాటలు నేర్చింది. అక్కను అమ్మా అని పిలుస్తున్నది.

వదినెకు తరువాత ఇద్దరు కొడుకులు. పెద్దవాడు పుట్టిన మూడో రోజు ఆమె లేచి కూచొని, వాడకట్టు ఆడవాళ్లంతా చూస్తుండగా చెంబెడు పాలు తాగి, పప్పు పెట్టమని అడిగింది. సిగ్గులేదని ఒకామె గొణిగింది. అమ్మ పప్పు వడ్డించింది. అయినా మా ఊళ్లో ఇంకెవరూ పథ్యం మానలేదు. ఆ తరువాత పదేళ్లలో అదే వాడలో మరో ఇద్దరు బాలింతలకు గాలి సోకింది. ఇద్దరినీ మహబూబ్‌నగర్ దాకా ఎవరూ తీసుకుపోలేదు. గాలి అన్నారు, కర్మ అన్నారు. ఆకలి అని ఎవరూ అనలేదు, ఆకలి అంటే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది గనుక.

షోలాపూర్‌లో పెరిగిన పిల్ల పెళ్లికి మేమందరం పోయాం. వదినె ఆమెకు పసుపు రాసింది. అత్తా అని పిలిచి ఆ పిల్ల ఆమె కాళ్లకు మొక్కింది. అక్కా బావా ఇప్పుడు లేరు, అమ్మ పోయింది, అన్న కూడా పోయాడు. వదినె ఉన్నది. ఆ అమ్మాయికి ఇప్పుడు మనవలున్నారు. తనను కన్నది ఎవరో ఇంతవరకూ ఆమెకు ఎవరూ చెప్పలేదు.