కత్తెర ఇచ్చిన చెయ్యి

పలావులోకి లవంగాలు వేయించినప్పుడల్లా నాకు సల్మా గుర్తుకొస్తుంది. లవంగాలు పండే ఆఫ్రికా దీవి జాంజిబార్ నుంచి జూబ్లీహిల్స్‌కు నర్సింగ్ చదవడానికి వచ్చిన పిల్ల. మా హాస్టల్ కూరల కారం తట్టుకోలేక, లవంగాలు నములుతూ తిరిగేది. నేను కాకినాడ పిల్లని. రెండో ఏడు మా ఇద్దరికీ సర్జరీ వార్డులో ఒకే డ్యూటీ పడింది. నాకు తెలుగు వచ్చు, ఆమెకు పని వచ్చు. అప్పట్లో నాదే గొప్ప అనుకునేదాన్ని.

ఒక ఉదయం, ఫిల్మ్‌నగర్‌లో సినిమా వాళ్ళకు బట్టలు కుట్టే యాదమ్మకు కడుపు ఆపరేషన్. థియేటర్‌కు పంపేముందు ఒంటిమీది నగలన్నీ తీయాలి. అది నా పని. గాజులు తీశాను గానీ పుస్తెలతాడు దగ్గర చెయ్యి ఆడలేదు. ముందు పసుపుకొమ్ము కట్టిన దారం భర్త చేత మెడలో కట్టించి, ఆ తర్వాతే తాడు తీయాలని నాకు తెలుసు. ఆయన్ను పిలిచి నచ్చజెప్పే తంటా ఎవరు పడతారని బద్ధకం, ఆ పాపం నాకెందుకని భయం. యాదమ్మ నీరసంగా కళ్ళు మూసుకుని ఉంది. సల్మా చేతిలో కత్తెర పెట్టి, "ఇది కూడా తీసెయ్యి, నేను నగల చీటీ రాస్తాను" అన్నాను.

తాడు తెగగానే యాదమ్మ లేచి కూర్చుంది. "ఏందమ్మా గిట్ల జేసినవ్? మా ఆయన బతికే ఉన్నడు గద! నేను ఆపరేషన్‌కు రాను!" అని ఒకటే ఏడుపు.

ఇన్‌చార్జి సిస్టర్ పరుగున వచ్చి సల్మాను నిలదీశారు. "ఎవరు చెయ్యమన్నారు నిన్ను? కంప్లయింట్ వెళ్తే నీ సీటు పోతుంది, తెలుసా?"

సల్మా నా వైపు చూడలేదు. "నేనే కట్ చేశాను, సిస్టర్" అంది. నేను తల వంచుకుని నగల చీటీ రాస్తూ ఉండిపోయాను.

తర్వాత సల్మా ఆయా దగ్గర అసలు సంగతి కనుక్కుంది. పసుపుకొమ్ము దారం తెప్పించి, యాదమ్మ భర్త ముందు తమ ఊరి పద్ధతిలో మోకాళ్ళు వంచి, రెండు చేతులతో అందించింది. వచ్చీరాని తెలుగులో, "తప్పు నాది. అమ్మకు కట్టండి" అంది.

"లే బిడ్డా, నీకేమెరుక" అని ఆయన దారం తీసుకుని యాదమ్మ మెడలో కట్టాడు. ఆపరేషన్ జరిగింది. కంప్లయింట్ రాలేదు.

సాయంత్రం హాస్టల్ మెట్ల మీద నేనేదో సర్దిచెప్పబోతే సల్మా ఆపింది. "నీకు తెలుసు కదా. ఒక్క మాట చెప్తే సరిపోయేది." ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. చదువు ముగించుకుని వెళ్ళిపోయింది. సిగ్గు నాకు మిగిలింది.

ఇప్పుడు నేను నర్సింగ్ పాఠాలు చెబుతున్నాను. సూడాన్ నుంచో టాంజానియా నుంచో కొత్త పిల్లలు వస్తే, మొదటి వారంలోనే పుస్తెలతాడు సంగతి చెబుతాను. పక్కన తెలుగు పిల్లల్నీ కూర్చోబెడతాను. ఆ రోజు కత్తెర ఇచ్చింది నేనేనని అందరి ముందూ చెబుతాను.