కుట్టు మిషనుకు బొట్టు పెట్టిన దసరా

దసరా వచ్చిందంటే ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు కనబడదు. దాని మీదంతా పిల్లల బడి నుంచి వచ్చిన కాగితాలే. ఒకరికి క్విజ్జు, ఒకరికి వేషాల పోటీ, హార్సిలీ హిల్స్‌కు పిక్నిక్కు, సెలవుల్లో చేయాల్సిన ప్రాజెక్టు, ఇవన్నీ అయ్యాక అమ్మమ్మను చూడటానికి కుప్పం ప్రయాణం. మదనపల్లె వీధుల్లో రోజంతా వీళ్ళ వెంట తిరిగి, దీపం పెట్టే వేళకు కూర్చుంటే కాళ్ళు లాగేస్తుంటాయి. అయినా ‘ఇన్ని ఇచ్చావు తల్లీ’ అని మనసులో ఒక దణ్ణం పెట్టుకుంటాను. ఎందుకంటే ఆ రోజుల్లో నాకు దసరా సెలవులనేవే లేవు. బడి ఉంటే కదా సెలవులు!

చిన్నప్పుడు నాకు ఆయాసం. బడికి పంపితే దుమ్ముకు, పరుగుకు ఎక్కువవుతుందని ఇంట్లోనే ఉంచేశారు. కుప్పంలో మా అవ్వే నా బడి. వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో లెక్కలు, మధ్యాహ్నం అన్నం తిన్నాక పురాణం చదివి వినిపించడం, ఎండ తగ్గాక సూదీ దారం పట్టుకుని చేతికుట్టు. (అవ్వ దగ్గర హాజరు పట్టీ లేదు. ఎగ్గొట్టడానికి వీలూ లేదు.) ఏం చేసినా శాస్త్ర ప్రకారం చేయాలి, దేవుడికి ఒకసారి ఇచ్చింది మళ్ళీ లాక్కోకూడదు అన్నది అవ్వ నేర్పిన మొదటి పాఠం. ఆ పాఠాన్ని నేను ఎంత బాగా నేర్చుకున్నానో మదనపల్లెలో మా అత్తకు ఒక దసరాకు తెలిసొచ్చింది.

అత్త అంటే మా నాన్నకు చెల్లెలు. ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఏటా దసరాకు నన్ను వాళ్ళింటికి పంపేవాళ్ళు. అత్త కూతురు చిట్టి నాకంటే ఏడాది పెద్ద. నాకు పదమూడేళ్ళు నిండిన ఆ ఏడు, చిట్టి వాళ్ళ బడి నుంచి ఎనిమిది మంది ఆడపిల్లలు నవమి నాటి సాయంత్రం పుంగనూరులో కోలాటం ఆడాలి. అక్కడికి చుట్టుపక్కల బళ్ళ పిల్లలందరూ వస్తారు. ఆ ఎనిమిదిమందికీ పావడాలు కుట్టి ఇస్తానని అత్త మాట ఇచ్చింది. అంతలో ఒకమ్మాయికి గవదబిళ్ళలు వచ్చి చెంపలు ఉబ్బిపోయాయి. చిట్టి ఇంట్లో సాధన చేసేటప్పుడు ఎదురుగా నిలబడి కోలలు తగిలించేది నేనే కాబట్టి, నన్ను చెయ్యి పట్టుకుని డ్రిల్లు టీచరు ముందుకు లాక్కెళ్ళింది.

“ఏ క్లాసు పాపా నువ్వు?” అందామె.

“ఇంటి క్లాసండీ,” అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు.

ఆమె నవ్వి, “సరేలే, నవమి దాకా మా క్లాసే అనుకో,” అంది. నన్ను వరసలో చివర నిలబెట్టింది. ఒకటి, రెండు అని లెక్కపెడుతూ ఎనిమిది దగ్గరకు రాగానే నేను “ప్రెజెంట్ టీచర్!” అని కేక వేశాను. అందరూ తిరిగి చూశారు. (అక్కడ హాజరు తీసుకోవడం లేదని తర్వాత తెలిసింది. ఏం చేయను, ఎన్నేళ్ళుగానో ఆ మాట నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను.) ఒక్క సాయంత్రం, ఒక బడి వరసలో, అందరిలాంటి పావడ కట్టుకుని నిలబడటం. ఆ నవరాత్రుల్లో అమ్మవారిని నేను అడిగింది అదొక్కటే.

ఆ కోరికకు నా చేత్తో నేనే అడ్డం పడ్డాను. శనివారం నాడు సప్తమి, మూలా నక్షత్రం, సరస్వతీ పూజ. అత్త జరీ అంచు తేవడానికి బజారుకు వెళ్ళింది. కత్తిరించిన గుడ్డంతా మూట కట్టి మంచం మీద ఉంది. నేను తలంటుకుని, కుప్పం నుంచి తెచ్చుకున్న నా పుస్తకాలు అమ్మవారి ముందు పెట్టి పూజ చేశాను. లేచి చూస్తే మూలన కుట్టు మిషను బోసిగా కనబడింది. మాకు పుస్తకాలెలాగో అత్తకు ఇది అలాగే కదా, దీనికి మాత్రం పూజ వద్దా అనిపించింది. పసుపు రాశాను, కుంకుమ పెట్టాను, చక్రానికి చేమంతి దండ చుట్టాను. కత్తెర, టేపు, బాబిన్ల డబ్బా అన్నీ దాని మీద పేర్చి, అక్షతలు వేసి, కర్పూరం వెలిగించి, “తల్లీ, దశమి దాకా ఇది నీదే” అని పైకే చెప్పి దణ్ణం పెట్టుకున్నాను. 

బజారు నుంచి వచ్చిన అత్త గడపలోనే నిలబడిపోయింది. “ఇదేందే ఇది? మిషనుకు పెండ్లి చేసినావా?”

“సరస్వతీ పూజ అత్తా. దశమి దాకా కదిలించకూడదు. అవ్వ చెప్పింది.”

“పుస్తకాలకు గదే ఈ పొద్దు! మిషన్లకు, కత్తెర్లకు నవమి నాడు ఆయుధపూజ ఉండాది గదా. ఎనిమిది పావడాలు యాడ కుట్టేది, నీ తలకాయ మీదా?”

చిట్టి వెంటనే ఏడుపు అందుకుంది. నాకు ఏడుపు కూడా రాలేదు. పావడ పోయింది, వరస పోయింది అన్నది మాత్రం అర్థమైంది. పేపరు చదువుతున్న మామ తల ఎత్తకుండానే, “దీనికి యాల ఇంత రచ్చ? ఆ బొట్టు తుడిచేసి తొక్కితే పోలా? అమ్మవారేమన్నా ఈడ కూచోని సూస్తాండాదా?” అన్నాడు.

అత్త నా ముఖం కేసి కాసేపు చూసింది. “అమ్మవారి సంగతి నాకు తెల్దప్పా. ఈ పాప సూస్తాండాది గదా,” అని గుడ్డల మూట చంకన పెట్టుకుని, “లెయ్యండే. మనం దండ వేసింది మన మిషనుకే గానీ ఊళ్ళో మిషన్లన్నిటికీ కాదు,” అని పక్కింటికి దారితీసింది.

పక్కింట్లో ఉండేది నర్సమ్మ. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. చర్చికి వెళ్ళే మనిషి కాబట్టి ఆమె మిషనుకు పూజల బాధ లేదు. సంగతంతా విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “కుట్టుకోమ్మా, దానికేం భాగ్యం. కానీ దీపాలు పెట్టే లోపల ముగించాల. రేపు ఆదివారం. ఆదివారం మా ఇంట్లో మిషను తొక్కం. అది నా నియమం.”

అత్త నెత్తిన చెయ్యి పెట్టుకుంది. “మా అమ్మవారేమో దశమి దాకా, మీ ప్రభువేమో సోమారం దాకా! మా పిల్లోళ్ళు గోనెసంచులు కట్టుకోని ఆడాల్సిందే ఇంక!”

“నన్నేం చెయ్యమంటావమ్మా? మీ పాపకు ఉండే భక్తి నాకు ఉండకూడదా?” అంది నర్సమ్మ. అత్త మూట విప్పి మిషను ముందు కూర్చుంది.

ఆ సాయంత్రానికి ఐదు పావడాలయ్యాయి. ఆదివారం రెండిళ్ళలోనూ రెండు మిషన్లూ పెద్ద మనుషుల్లా విశ్రాంతి తీసుకున్నాయి. సోమవారం పొద్దున్నే మళ్ళీ మొదలుపెడితే, పుంగనూరుకు వ్యాను వచ్చే వేళకు ఏడు పూర్తయ్యాయి. ఎనిమిదోది, అంటే నాది, పక్కలు కలిశాయి గానీ నడుము పట్టీ లేదు, నాడా లేదు. తప్పు నాది కాబట్టి నా పావడ చివరికి పెట్టమని నేనే అడిగాను. (అడిగేటప్పుడు ఎవరైనా వద్దంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు.) అవ్వ నేర్పిన చేతికుట్టుతో నడుము మడిచి గబగబా కుట్టాను. నాడా కోసం వెతుకుతుంటే నర్సమ్మ లోపలికి వెళ్ళి బ్యాండేజీ చుట్ట ఒకటి తెచ్చింది. పిన్నీసుకు గుచ్చి లోపలికి ఎక్కించి, నా నడుముకు బిగించి ముడి వేసింది.

“రోగి లేసి పరిగెత్తినా ఊడని ముడి పాపా ఇది,” అంది. మిగిలిన చుట్టను కత్తిరించబోతుంటే బయట వ్యాను హారను మోగింది. ఆమె దాన్ని అలాగే నా నడుములో దోపి, “పో పో!” అని తరిమింది.

ముడి నిజంగానే ఊడలేదు. ఊడింది చుట్ట. మూడో తిరుగుడులో అది జారి కింద పడి, నేను తిరిగిన కొద్దీ విచ్చుకుంటూ తెల్లగా, పొడుగ్గా నా వెనకే వచ్చింది.

“ఏయ్, కట్టు!” అంది చిట్టి, కోల కొడుతూనే.

“యాడ?”

“నీ ఎనకాలే! నిలబడొద్దు, ఆడు!”

గుండ్రంగా తిరుగుతూ నా వెనక వచ్చే పిల్లలు దాన్ని తొక్కకుండా ఒకరి తర్వాత ఒకరు ఎగిరి దాటసాగారు. చూసేవాళ్ళకు అదొక కొత్త అడుగు అనిపించిందేమో, ఈలలు వేశారు. ముందు వరసలో ఒక పెద్దాయన పక్కాయనతో గట్టిగా, “పాపం, ఆ పాపకు కాలికి దెబ్బ తగిలుండాది. కట్టు ఊడిపోతాన్నా సూడప్పా, ఎట్ల ఆడతాండాదో!” అన్నాడు. ఆ మాట వరసలన్నీ తిరిగి వేదిక మీదికి వచ్చింది. ఆట కాగానే నన్ను ముందుకు పిలిచారు. బడి పేరు చెప్పి, “ఆ బడి విద్యార్థిని, గాయాన్ని కూడా లెక్కచేయకుండా...” అని మైకులో చదువుతూ ఒక స్టీలు టిఫిను డబ్బా చేతిలో పెట్టారు. అవ్వ నేర్పిన రెండో పాఠం, అబద్ధం ఆడకూడదని. నేను మైకు దగ్గరకు వంగి, “అయ్యా, నాకు దెబ్బేమీ తగల్లేదండీ,” అన్నాను.

“సూసినారా! నొప్పి గూడా సెప్పుకోదు!” అన్నాడా పెద్దాయన. చప్పట్లు రెట్టింపయ్యాయి. (దెబ్బ లేదని మూడుసార్లు చెప్పాను. విద్యార్థినిని కానని మాత్రం చెప్పలేదు. అది ఎవరూ అడగలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ అమ్మవారు క్షమించే ఉంటుంది.)

ఇల్లు చేరాక సంగతి విన్న నర్సమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. “సర్వీసంతా కట్లు కట్టినాను. నా కట్టుకు చప్పట్లు కొట్టింది మీ పుంగనూరోళ్ళే!” మర్నాడు దశమి పొద్దున అత్త మిషను మీది దండ నా చేతనే తీయించి, మొదటి కుట్టు నన్నే తొక్కమంది. గిన్నెడు బొరుగులు, పప్పులు నర్సమ్మకు పట్టుకెళ్ళి, “పూజలో పెట్టకముందే పక్కకు తీసినానమ్మా,” అంది. ప్రసాదమైతే ఆమె తినదని అత్తకు తెలుసు. నర్సమ్మ గిన్నె అందుకుని అక్కడే నిలబడి పిడికెడు తినింది. డబ్బా నాకే వచ్చిందని అలిగిన చిట్టి కూడా ఆ పూటకు మాట్లాడింది. ఆ టిఫిను డబ్బా ఇప్పటికీ నా దగ్గర ఉంది, సూదులూ దారాలూ వేసుకుంటాను.

మొన్న సప్తమి నాడు నేను గుడికి వెళ్ళి వచ్చేసరికి మా చిన్నది అమ్మవారి ముందు తన పుస్తకాలతో పాటు నా లాప్‌టాపు, ఇంట్లో ఉన్న పెన్నులన్నీ పెట్టి, ఒక్కోదానికీ బొట్టు పెట్టి కూర్చుంది. “దశమి వరకు ఎవ్వరూ ముట్టుకోకూడదమ్మా, దేవుడికి ఇచ్చేశాను,” అంది. మావారు గుమ్మంలో నిలబడి, పని ఆగిపోతుంది, మెల్లగా తీసేయమని నాకు సైగ చేశారు. అప్పుడు ఆ పసిదాని ముఖం చూశాను. అత్త ఆ రోజు నా ముఖంలో ఏం చూసిందో ఇన్నేళ్ళకు కనబడింది. చెప్పులు వేసుకుని పక్కింటికి నడిచాను.

ఇదంతా రాస్తున్నది ఆ పక్కింటివాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన పెన్నుతోనే. ఇంకు అయిపోవస్తోంది. దశమి రేపే కాబట్టి సరిపోయింది.