ముందు విప్పాల్సిన పెట్టె

యూనివర్సిటీలో సీటొచ్చిన రోజునే ఆ ఇంట్లో గొడవ మొదలైంది. అడిగితే సీటు ఏడాదిపాటు అట్టేపెడతారట, ఈలోగా మావయ్య లారీలో ఊళ్లు తిరుగుతూ పనిచేస్తానంది గడుగ్గాయి. ఆ పిల్లకి ఇంట్లో ఆ పేరు ఊరికే రాలేదు. మావయ్యది ఇళ్ల సామాను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేరవేసే పని. నాన్నేమో లెక్కల మాష్టారు. పుస్తకం ఒకసారి మూస్తే మళ్లీ తెరవడం కల్ల అని ఆయన నమ్మకం.

"వెళ్తే వెళ్లు. నన్ను మాత్రం అడక్కు," అన్నారు. అంతే, కూతురితో మాటలు బంద్. పెద్దమనిషి అలక మరి, అంత తేలిగ్గా తీరుతుందా!

మొదటి వారంలోనే పిల్లకి తల ప్రాణం తోకకొచ్చింది. ఒకావిడవి పింగాణీ గిన్నెలు మూడు పగలగొట్టింది. మావయ్య తిట్టలేదు, కూర్చోబెట్టి నేర్పాడు.

"పైన చుట్టేస్తే సరిపోదే, ముందు గ్లాసు కడుపు నింపు. లోపల కాగితం ఉండలు కుక్కి, అప్పుడు చుట్టు. ఇంకోటి, దిగగానే ఆ ఇంటివాళ్లకి టీ కావాలి. కెటిలూ గ్లాసులూ ఉన్న పెట్టె ఆఖర్న ఎక్కించి, 'ముందు ఇది విప్పాలి' అని రాయి."

ఇవన్నీ వారం వారం ఇంటికి ఉత్తరాల్లో రాసేది. ఫోన్ చేస్తే నాన్న తియ్యరు కదా! "నాన్న చదివారా?" అని అమ్మకి ఫోన్ చేసి అడిగితే, "ఆయనా? కవరు ముట్టుకుంటే ఒట్టు," అనేది. అయినా రాయడం మానలేదు. పని నచ్చింది, రోడ్డు నచ్చింది. ముక్కూమొహం తెలియనివాళ్ల కొత్తింట్లో నేలమీద చతికిలబడి టీ తాగడం మరీ నచ్చింది. ఒక్క నాన్న మాటే లోటు.

ఏడాది తిరిగేసరికి, ఇచ్చిన మాట ప్రకారం చదువుకి బయల్దేరింది. నాన్న అప్పుడూ పేపరు చాటునే ఉన్నారు. మావయ్యే సామాను లారీలో తెచ్చి హాస్టల్ గదిలో దించాడు. అన్నిటికన్నా ముందు దిగింది ఒక అట్టపెట్టె. అది తను సర్దింది కాదు. దానిమీద, బ్లాక్‌బోర్డు మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలు: ముందు ఇది విప్పాలి.

లోపల కెటిల్, రెండు గ్లాసులు. గ్లాసు మీద కాగితం తీసి, లోపల వేలుపెట్టి చూసింది. కాగితం ఉండలు గట్టిగా కుక్కి ఉన్నాయి.

గడుగ్గాయికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఫోన్ తీసి నాన్న నంబరు నొక్కింది. మొదటి రింగుకే ఎత్తారు.

"పగల్లేదు కదా?" అన్నారు.