ఎర్రపిల్లల్ని కాపాడిన వీరుడు

నా కొత్త కాపురం ఒక చేప నోట్లో పడబోయి కొద్దిలో తప్పించుకున్న వైనం చెబుతాను. నవ్వితే నవ్వండి గానీ మా ఆవిడ పక్షం మాత్రం చేరకండి, ఆవిడకి ఇప్పటికే బలగం ఎక్కువ.

సుజాత రాయ్‌పూర్‌లోని మా రైల్వే క్వార్టర్‌కి వస్తూ వస్తూ పుట్టింటి గాజుతొట్టెని అందులోని గోల్డ్‌ఫిష్‌లతో సహా తెచ్చుకుంది. ఊరు కొత్త, హిందీ రాదు. పగలంతా వాటితోనే కబుర్లు. నాతో మాత్రం ముక్తసరిగా రెండు మాటలు. ఎలాగైనా ఆ పిల్లని నవ్వించాలని నా తాపత్రయం.

వానాకాలంలో ఓ రోజు పక్క ఊరు మందిర్ హసౌద్ నుంచి వస్తూ చెరువు గట్టున బండి ఆపాను. నీళ్లలో ఎర్రెర్రటి చేపపిల్లలు గుంపుగా తిరుగుతున్నాయి. వాటి కిందే నల్లటి పెద్ద చేప ఒకటి కాచుకుని ఉంది. పాపం, మింగేస్తుందేమోనని గట్టు దిగాను. రాళ్లు విసిరి ఆ రాక్షసిని తరిమేసి, జేబురుమాలుతో కొన్ని పిల్లల్ని పట్టి సీసాలో తెచ్చి ఆ తొట్టెలోనే వదిలాను.

"ఎంత బాగున్నాయండీ" అంది సుజాత. ఆ పూట నాకు అప్పడాలు కూడా వేయించింది.

నెలలు గడిచేసరికి ఎరుపు కాస్తా పోయింది. ఒంటినిండా చారలు, పాము తలకాయ, పళ్లు.

"ఏవండీ, ఇవి నల్లబడుతున్నాయి."

"ఇక్కడి ఎండలు మరి. నేను నల్లబడలేదూ?"

ఈలోగా గోల్డ్‌ఫిష్‌లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. సుజాత కళ్లనీళ్లు చూడలేక కింది క్వార్టర్ పిల్లి మీద దండెత్తాను.

"హమారీ బిల్లీ సిర్ఫ్ దూధ్ పీతీ హై, భయ్యా" అంది ఆ ఇంటావిడ శాంతంగా.

పాలు తప్ప ముట్టదట, మీరు నమ్ముతారా? తొట్టె మీద పీట బోర్లించాను. మర్నాటికి పీట ఉంది, ఆఖరి గోల్డ్‌ఫిష్ లేదు. నేను తెచ్చిన వాటిలోనూ జానెడు పొడుగుది ఒక్కటే మిగిలింది.

అప్పుడే శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అమ్మ తొట్టెలోకి తొంగి చూసింది.

"ఒరే, ఇది కొర్రమీనురా. సిన్నప్పుడు ఎర్రగుంటాది, ఎదిగితే ఇలాగే నల్లబడతాది. పక్క సేపల్ని బతకనిస్తాదా?"

"మరి చెరువులో ఆ పెద్ద చేప?"

"దాని తల్లిరా. పిల్లల్ని కాసుకుంటంది."

కొర్రమీనుని నేను పులుసులో ముక్కలుగా తప్ప ఎన్నడు చూశాను గనక! ఇక సుజాత పుట్టింటికి టికెట్ తీయమంటుందేమో అనుకున్నాను.

"పులుసెట్టీమంటావేటమ్మా?" అని కోడల్ని అడిగింది అమ్మ.

"వద్దు అత్తయ్యా, ఉండనివ్వండి." సుజాత నన్ను ఎగాదిగా చూసింది. "పెళ్లిచూపుల్లో ఈయనా ఎర్రగా, బుద్ధిగానే కనిపించారు. తర్వాత కదా అసలు రంగు తెలిసింది. ఈయన్ని ఉంచుకోలేదూ?"

అని పకపకా నవ్వింది, నా ఇంట్లో మొదటిసారి. నా పరువు పోయినా ఆ నవ్వుకి కడుపు నిండిపోయింది.

సకల జలచరాల సాక్షిగా ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. ఎంత ఎర్రటి చేపపిల్ల ఎంత ఆపదలో కనిపించినా సరే, వాళ్లమ్మని అడగనిదే కాపాడను.